ఆలివ్ రాణి ఊరేగింపు

రాడ్కే ఎడమ చేతిని దాస్తున్నాడు. మైదానంలో ఆడుతున్నవాళ్ళకి గానీ, చుట్టూ చేరి అరుస్తున్న నాలుగు వేల మంది సైనికులకి గానీ ఆ సంగతి పట్టలేదు, ఒక్క వెర్నా హాస్కెల్‌కు తప్ప. ఆమెకి వేరే పనేముంది? జీపు ముందు రేకు మీద కుర్చీ వేసి, పారాచూట్ గుడ్డతో కుట్టిన తెల్లగౌను తొడిగి, పీచుపండ్ల డబ్బా కత్తిరించి చేసిన కిరీటం నెత్తిన పెట్టి, దాని చుట్టూ ఆలివ్ రెమ్మలు చుట్టి కూర్చోబెట్టారు. ఆలివ్ రాణి అట. పైన పటారం లోన లొటారం అన్నట్టు గౌను కింద సైన్యం చొక్కా, రెండు ఉన్ని లాగులు, మగవాళ్ళ బూట్లు. అమెరికాలో ఇంటి దగ్గర కొత్త సంవత్సరం రోజున పెద్ద ఊళ్ళలో బౌల్ ఆటలని కాలిబంతి పోటీలు ఆడతారు కాబట్టి ఇక్కడా ఆడాలి, అక్కడ ఆటకి ఒక రాణి ఉంటుంది కాబట్టి ఇక్కడా ఉండాలి, అక్కడ బాజాలు మోగుతాయి కాబట్టి ఇక్కడా మోగాలి. ఇటలీలో ఒక ఊరిని సగం కూల్చి, మిగిలిన సగంలో దొరికిన ఖాళీ స్థలంలో మరుగుదొడ్ల గోతుల మీద చల్లే సున్నంతో గీతలు గీయించి, 'ఆలివ్ బౌల్, 1945' అని బోర్డు కట్టించాడు కల్నల్ ప్రెంటిస్. ఉత్తరాన కొండలు మబ్బులో తల దూర్చి ఉన్నాయి. అటునుంచి ఫిరంగి మోత వినిపిస్తోంది, జనం దాన్ని మించి అరుస్తున్నారు.

ఎల్మో రాడ్కే కంచరగాడిదల జట్టులో ఎడమ పక్క ఎదుటివాళ్ళకి అడ్డం నిలబడే ఆటగాడు. సైన్యం గుర్తు కంచరగాడిద కదా అని జట్టుకి ఆ పేరు పెట్టింది కల్నలే; ఎదుటి జట్టు లారీల దళం, వాళ్ళు గద్దలు. రెండూ ఆయన చేతికింది జట్లే, ఆయనకి ఎవరు గెలిచినా గెలుపే. యుద్ధానికి ముందు రాడ్కే మిల్వాకీలో ఐసు దిమ్మలు భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కేవాడు. అలాంటివాడు ఇందాక ఒక గద్ద బూటు కింద చెయ్యి పడితే లేచి, ఆ చేతిని గబుక్కున నడుము వెనక్కి పెట్టుకుని నవ్వాడు. రెండు వేళ్ళు పక్కకి తిరిగిపోవడం జీపు మీద నుంచి ఆమెకి స్పష్టంగా కనిపించింది. అప్పట్నుంచీ భుజంతోనే నెట్టుకొస్తున్నాడు. చెయ్యి విరిగిందని తెలిస్తే బయట కూర్చోబెడతారు, బయట కూర్చున్నవాడిని రోముకి తీసుకెళ్ళరు. గెలిచిన జట్టు రోములో ఇంకో ఆట ఆడుతుంది, మార్చి దాకా కొండ మొహం చూడక్కర్లేదు అని కల్నల్ భోజనాల గదిలో బల్ల గుద్ది చెప్పాడు. ఆ మాట విన్నప్పట్నుంచీ వీళ్ళు ఆట ఆడుతున్నారా, ప్రాణాలకి బేరమాడుతున్నారు. రాడ్కేకి రాత అంతంత మాత్రం. వారానికోసారి ఆమె బల్ల దగ్గరికొచ్చి, టోపీ చేతుల్లో నలుపుకుంటూ భార్య లియోనాకి ఉత్తరం చెప్పి టైపు చేయించుకుంటాడు. పోయిన వారం ఏమని చెప్పాడు? గెలిస్తే రోము, రోము అయ్యేసరికి వసంతకాలం, వసంతకాలానికి యుద్ధం ఉండదంట, ఐసుబండి అమ్మెయ్యకు. ఎవరు చెప్పారయ్యా యుద్ధం ఉండదని, అని ఆమె అడగలేదు. టైపు చేసింది.

ఈ ఉదయం టైపు చేసిన కాగితం వేరు. అయిదు ప్రతులు. తుపాకీ పట్టి కొండెక్కగలిగిన మనుషులు ఇరవై ఇద్దరు ఈ సాయంత్రానికల్లా కావాలని పైనుంచి కబురు వచ్చింది. కల్నల్ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ఒక్కో జట్టులో మొదట దిగేవాళ్ళు పదకొండు మంది, రెండు జట్లు కలిపితే ఇరవై ఇద్దరు, కాళ్ళు గట్టివి, ఇంకేం కావాలి? గెలిచినవాళ్ళూ అందులోనే, ఓడినవాళ్ళూ అందులోనే. కింద ఇంకో పంక్తి కూడా చెప్పి రాయించాడు. ఆటలో బదులు దిగేవాడు రెఫరీ దగ్గరికెళ్ళి 'ఫలానావాడి బదులు' అని చెప్పి దిగుతాడు కదా, అలాగే ఎవడైనా దెబ్బతిని బయటికొస్తే వాడి బదులు దిగినవాడి పేరే ఇక్కడా ఎక్కించాలట. ఎంత ముచ్చట, ఎంత పొందిక. "చక్కగా కుదిరింది కదూ, కార్పొరల్?" అని కూడా అడిగాడు. చక్కగా కుదిరింది సార్, అంది వెర్నా. అలా అన్న నోటిని ఇప్పుడు సబ్బు పెట్టి కడుక్కోవాలనిపిస్తోంది. ఆఖరి ఈల మోగాక ఉత్తర్వు చదివి వినిపిస్తారు. లారీలు అప్పుడే గేటు బయట వరసగా నిలబడి ఉన్నాయి. అయిదో ప్రతి మడతపెట్టి ఆమె చొక్కా జేబులో ఉంది.

ఉదయమే ఎందుకు చెప్పలేదు? చెప్పి ఏం లాభం, తప్పించుకునే దారి లేనివాళ్ళని ఒక్క పూట సంతోషంగా ఆడుకోనీ, అనుకుంది. అలా అనుకుని తన దయకి తానే మురిసిపోయింది కూడా. దయా లేదు గాడిదగుడ్డూ లేదు, భయం. రహస్యం బయటపెట్టిన టైపిస్టుకి ఏ శిక్ష పడుతుందో ఆ కాగితమూ ఆమె చేతి మీదుగానే వెళ్ళింది. ఇప్పుడు రాడ్కేకి దారి దొరికింది, విరిగిన రెండు వేళ్ళ రూపంలో. సగం ఆటకి విరామం పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో చెయ్యి డాక్టరుకి చూపిస్తే అది అందరి ఎదుటా ఆటలో తగిలిన దెబ్బ. చీటీ రాసి ఆసుపత్రికి పంపుతాడు, ఆరు వారాల దాకా ఎవరూ కదిలించరు. ఉత్తర్వు చదివాక చూపిస్తే అదే చెయ్యి వేరే చెయ్యి అవుతుంది. కొండెక్కమనేసరికి వేళ్ళు విరిగాయా నాయనా అంటారు, కావాలని విరగ్గొట్టుకున్నావంటారు. కాలి బొటనవేలు పోయినవాడికి ఆరేళ్ళ జైలు వేసిన కాగితాన్ని నవంబరులో ఆమె తప్పుల్లేకుండా టైపు చేసింది. తప్పుల్లేకుండా చెయ్యడం ఆమెకి గర్వం ఒకప్పుడు. ఈ వెధవ మాత్రం ఆ బంగారం లాంటి చేతిని బురదలో దాచుకుంటున్నాడు, గెలవాలట.

గోడ మీద ఊరి ఆడవాళ్ళు నలుగురు శాలువాలు కప్పుకుని చూస్తున్నారు. కాలిబంతి అని పేరు, కాలితో తన్నరు, గుడ్డు లాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడితే మిగతావాళ్ళు వాడి మీద పడి గుట్టగా పోగవుతారు. ఆ గుట్టని చూసి ఆ ఆడవాళ్ళు నవ్వడం లేదు, ఎందుకు నవ్వుతారు, కూలిన ఇళ్ళ గుట్టల కింద నుంచి మనుషుల్ని తీసి నాలుగు నెలలు కాలేదు. కల్నల్ పక్కన కూర్చున్న అధికారులు మాత్రం తొడలు చరుచుకుంటున్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా? నెబ్రాస్కాలో వెర్నా వాళ్ళ నాన్న పశువుల వేలం పాడేవాడు. ఏటా సంతలో అన్నిటికంటే మంచి ఎద్దుని ఎంచి, కొమ్ములకి నూనె రాసి, మెడకి నీలిరంగు పట్టీ కట్టి బాజాలతో ఊరంతా తిప్పేవాళ్ళు. సాయంత్రానికి దాన్ని కటికవాళ్ళే పోటీపడి కొనుక్కునేవాళ్ళు, పట్టీ ఉన్నదానికి ధర ఎక్కువ. పదేళ్ళ వయసులో ఆమె ఏడిస్తే నాన్న అన్నాడు, అమ్మలూ, దానికి తెలియదు కదా, ఇవాళ దానికి పండగే. ఆ మాటతో ఊరుకుంది. ఇరవై ఆరేళ్ళ వయసులో ఈ ఉదయం మళ్ళీ అదే మాట తనకి తాను చెప్పుకుంది. నాన్న నుంచి ఏదీ రాలేదనుకునేది, ఇది వచ్చింది.

ఈల మోగింది. సగం ఆట. చెరి ఆరు పాయింట్లు. కంచరగాడిదల జట్టు అవతలి గీత పక్కన దుప్పట్లు కప్పుకుని బెంచీల మీద కూలబడింది, రాడ్కే చివరన, ఎడమ చెయ్యి దుప్పటి లోపల. ఇవతలి వైపు నుంచి సైరస్ టాలివర్ నిజం కంచరగాడిదని తోలుకొచ్చాడు. టాలివర్ టెనెసీ కొండల్లో రైతు, అదే జట్టులో బదులు ఆటగాడు. నెల రోజులుగా బెంచీ అరగదీస్తున్నాడే తప్ప చొక్కాకి మట్టి అంటలేదు. ఇందాక ఆమె వణకడం చూసి తన కోటు తెచ్చి ఆమె కాళ్ళ మీద కప్పి వెళ్ళిపోయాడు. ఈ మైదానం మొత్తం మీద ఆమెకి అసహ్యం కలిగించని మనిషి వీడొక్కడే. రాణిగారిని దీని మీద కూర్చోబెట్టి మైదానం చుట్టూ తిప్పాలి, అదీ కార్యక్రమం.

"మీరు దీన్ని ఎక్కకుండా ఉంటేనే మంచిదండీ," అన్నాడు టాలివర్ లోగొంతుతో.

"ఏం, తన్నుతుందా?"

"తన్నే రకం కాదండీ. గేటు కాడ దీన్ని తోలే ఇటలీ పెద్దాయన రెండు చేతులూ ఊపేసి ఏదో చెప్పాడు, ఇది వద్దు, ఇంకోదాన్ని తీసుకెళ్ళండన్నట్టు. కాపలావాళ్ళు నాలుగు సిగరెట్లు చేతిలో పెట్టి పంపించేశారు. నాకు ఆయన మాట తెలీదు గానీ, మా నాయన కాడ కూడా ఇలాటిదొకటి ఉండేదండీ. బరువెక్కిందంటే దాని దారి దానిదే."

"రాణిగారు జారిపడకుండా కట్టండయ్యా," అని కల్నల్ అక్కడి నుంచే కేకేశాడు. సామాను కట్టే సిపాయి వచ్చి, జీను మీద ఆమెని ఒక పక్కకి కూర్చోబెట్టి, నడుము మీద నుంచి ఒక పట్టీ, మోకాళ్ళ మీద నుంచి ఒక పట్టీ వేసి లాగి ముడి వేశాడు. చెయ్యి తిరిగిన ముడి. ఆ పట్టీలు దేనికో ఆమెకి తెలుసు, వాడికి తెలుసు, అందరికీ తెలుసు. చలికాలం మొదలైనప్పట్నుంచీ ఈ కంచరగాడిదలు కొండ మీదికి రొట్టె, తూటాలు మోసుకెళ్తాయి, కిందికి మనుషుల్ని మోసుకొస్తాయి, అడ్డంగా వేసి కడితే. దీన్ని నిన్న సబ్బుతో రుద్దారు, గిట్టలకి బంగారు రంగు పూశారు, వీపు మీద పసుపు దుప్పటి కప్పారు. అన్నిటిలోకీ నెమ్మదైనదాన్ని ఎంచాం అని చెప్పుకున్నారు. ఎందుకంత నెమ్మదిగా ఉందో ఒక్కరూ అడగలేదు. పోనీ, కట్టనీ, ఊరేగింపు అవతలి గీత పక్క నుంచే వెళ్ళాలి, రాడ్కే ముందు నుంచి, మూడు మూరల దూరంలో. అక్కడ వంగి చెప్పాలి. ఏమని? రోము లేదు, డాక్టరు దగ్గరికి పో. అయిదు మాటలు చాలు. ఇంకా తగ్గించాలి, వాడికి బుర్ర నిదానం.

బాజాలు మొదలయ్యాయి. మోకాళ్ళ మీద పట్టీ ఇంకాస్త బిగిసింది, ఆ బిగింపు వీపుకి తగిలిందో ఏమో, కంచరగాడిద రెండు చెవులూ వెనక్కి వాల్చి, ఒక్క నిట్టూర్పు విడిచి, మైదానానికి వీపు తిప్పి గేటు వైపు నడక మొదలుపెట్టింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. టాలివర్ తాడు పట్టి వెనక్కి వాలిపోయాడు, బూట్లు బురదలో రెండు చాళ్ళు గీశాయి తప్ప అది ఆగలేదు. పరుగూ లేదు, బెదురూ లేదు, ఉద్యోగానికి వెళ్ళే గుమాస్తా నడక. జనం విరగబడి నవ్వారు, ఇదీ తమాషాలో భాగమే అనుకున్నారు, రాణిగారూ మమ్మల్ని వదిలేసి ఎక్కడికి, కల్నల్‌గారింటికేనా, అని ఒకడు, నన్నూ తీసుకెళ్ళవే తల్లీ అని ఇంకొకడు. రాడ్కే, చెయ్యి చూపించు, అని ఆమె అరిచింది. బాజాల్లో ఆ అరుపు ఆమెకే వినపడలేదు. అవతల రాడ్కే లేచి నిలబడి, నోరంతా తెరిచి నవ్వుతూ కుడి చేత్తో టోపీ ఊపాడు. గేటు దగ్గర కాపలావాళ్ళు సెల్యూట్ చేశారు.

దారి గోడ వెంట పల్లంలోకి దిగుతుంది. వెనక బాజాలు వినిపిస్తూనే ఉన్నాయి, రాణి లేకపోయినా వాళ్ళ పాటకి లోటేమీ లేదు. ముడి విప్పబోతే తడికి బిగుసుకుపోయింది, టాలివర్ ప్రయత్నిస్తే అడుగు అడుగుకీ అది జరిగిపోతోంది. విరామం ఇంకా పన్నెండు నిమిషాలు. పదకొండు ఉంటాయేమో. పసుపు దుప్పటి జారి కింద మరకలు పడ్డ జీను తోలు కనిపించింది, సబ్బు అక్కడిదాకా రాలేదు. మొన్న ఇక్కడ ఎవరున్నారు? పేరు ఆమెకి తెలిసే ఉంటుంది, పేర్లన్నీ ఆమె బల్ల మీదుగానే వెళ్తాయి, వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి, ఒకే టైపు మిషను, అదే రిబ్బను. తన వేళ్ళు తగలకుండా ఒక్కడు కూడా ఈ కొండ ఎక్కలేదు, ఒక్కడు కూడా దిగలేదు. కల్నల్‌ని అసహ్యించుకోవడం తేలిక, ఆయన మొహమే అందుకు పనికొచ్చే మొహం. చక్కగా కుదిరింది సార్ అన్నదెవరు? రాడ్కే, ఎల్మో, జాబితాలో పన్నెండోవాడు. రాడ్కే, ఎల్మో. గిట్టల చప్పుడుతో పాటు అదే పేరు తిరుగుతోంది తలలో, ఐసుబండి అమ్మెయ్యకు, రాడ్కే, ఎల్మో, అయిదో ప్రతి, రాడ్కే, ఎల్మో. కిరీటం ఒక కంటి మీదికి జారింది. సరిచేసుకోవాలని కూడా అనిపించలేదు.

పాత ఆలివ్ గానుగ ముందు కంచరగాడిద దానంతటదే ఆగి, వీపు తలుపు వైపు ఉండేలా పక్కకి తిరిగి నిలబడింది. బరువు దించుకోవడానికి వీలుగా. లోపలి నుంచి చనిపోయినవాళ్ళ లెక్క చూసే సార్జెంటు వచ్చాడు, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, చేతిలోని అట్టముక్కలకి దారాలు సరిచూసుకుంటూ. తల ఎత్తలేదు.

"పేరు?" అన్నాడు.

"రాడ్కే, ఎల్మో," అంది వెర్నా.

తలలో తిరుగుతున్నది నోట్లోంచి అలా ఊడిపడింది. అతను పెన్సిలు తడి చేసుకుని రాశాడు, గుండ్రటి అందమైన అక్షరాలు. తర్వాత ఏ కంపెనీ అని అడగబోతూ, జవాబు చెప్పింది ఆడగొంతని అప్పుడు తట్టి, తల ఎత్తాడు. తెల్లగౌను, డబ్బా రేకు కిరీటం, ఆలివ్ రెమ్మలు. పెన్సిలు కింద పడిపోయింది.

"ఓరి దేవుడా," అన్నాడు. తర్వాత టాలివర్ వైపు తిరిగి కోప్పడ్డాడు. "బతికున్న మనిషిని దీని మీద ఎవడయ్యా ఎక్కించింది? చిన్నపిల్లాడికైనా తెలుస్తుందే. ఇదొక్కటే, తోలేవాడు లేకపోయినా శవాన్ని ఇక్కడికి తెచ్చి అప్పజెప్పి పోతుంది."

"కల్నల్‌గారండీ," అన్నాడు టాలివర్.

సార్జెంటు వంగి పట్టీలు పట్టుకున్నాడు. ముడుల్ని రెండు లాగుళ్ళలో విప్పేశాడు, అతనికి అలవాటే. వెర్నా కిందికి దిగి అతని చేతిలోని అట్టముక్క లాక్కుంది. అప్పుడే పైనుంచి ఈల వినిపించింది. రెండో సగం. పదిహేను నిమిషాలూ అయిపోయాయి, వాడు మళ్ళీ బురదలో దిగాడు, ఆ చేతితో. గౌను మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని ఆమె ఎగువకి పరిగెత్తింది. బరువు దిగిన కంచరగాడిదని లాక్కుంటూ టాలివర్ వెనకాలే వచ్చాడు. ఇప్పుడది కుక్కపిల్లలా నడిచింది.

సున్నపు గీత దాటి లోపలికి అడుగుపెట్టకూడదు. దాటింది. రెండు జట్లూ ఎదురెదురుగా వంగి బంతి కదలడం కోసం చూస్తున్నాయి, మధ్యలోంచి రాణిగారు బురద బూట్లతో నడిచి వెళ్తే రెఫరీ ఏం చెయ్యాలో తోచక ఈల ఊదాడు. జనం మళ్ళీ నవ్వారు. వీళ్ళు దేనికైనా నవ్వుతారు. రాడ్కే ముందు నిలబడి అట్టముక్క చాచింది.

"ఏంటి తల్లీ ఇది?" అన్నాడు రాడ్కే రొప్పుతూ.

"చదువు."

చదువు అంతగా రాకపోయినా తన పేరు వాడు గుర్తుపడతాడు. చూశాడు. అట్టకి వేలాడుతున్న దారం చూశాడు. అలాంటి దారాలు కట్టి ఉన్న కాళ్ళు వాడు చాలా చూశాడు. మెల్లగా తల తిప్పి గేటు బయట వరసగా నిలబడ్డ లారీల వైపు చూశాడు.

"మరి రోము?" అన్నాడు.

"రోము లేదు. గెలిచినా లేదు. చెయ్యి డాక్టరుకి చూపించు, ఇప్పుడే, అందరూ చూస్తుండగా."

వాడి నిదానం బుర్ర ఈసారి ఆలస్యం చెయ్యలేదు. నడుము వెనక నుంచి ఎడమ చేతిని తీసి, దీపం పట్టుకున్నట్టు ముందుకి పట్టుకుని, డాక్టరు కూర్చున్న వైపు నడిచాడు. తిరిగిపోయిన వేళ్ళు కనిపించిన చోటల్లా అరుపులు ఆగిపోయాయి. డాక్టరు లేచి వచ్చి చూసి, తిట్టి, జేబులోంచి చీటీల పుస్తకం తీశాడు. అందులో రాయడం వెర్నా కళ్ళారా చూసింది. కల్నల్ ప్రెంటిస్ కుర్చీలోంచి లేచి, "ఏమిటిది కార్పొరల్?" అన్నాడు. "మనిషికి చెయ్యి విరిగింది సార్," అంది. రేపు ఏమవుతుందో రేపు చూసుకోవచ్చు. మిగతా ఇరవై ఒక్కరికీ వేళ్ళు విరగలేదు, వాళ్ళకేమీ చెయ్యలేదు తను, ఆ సంగతి తెలుసు. కానీ ఒక్కడు. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆమెకి తన మీద తనకి వెగటు అనిపించలేదు. గీత దగ్గరికి తిరిగొచ్చి నిలబడింది, సంతోషంగానే ఉంది.

"దీన్ని కాస్త పట్టుకోండి కార్పొరల్ గారూ," అని టాలివర్ తాడు ఆమె చేతిలో పెట్టాడు. మొహం వెలిగిపోతోంది. నెల రోజులకి పిలుపొచ్చింది. తోలు టోపీ నెత్తికి బిగించుకుంటూ, మట్టి అంటని చొక్కాతో మైదానంలోకి పరుగెత్తాడు. నియమం ప్రకారం తిన్నగా రెఫరీ దగ్గరికి వెళ్ళి, నిటారుగా నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"రాడ్కే బదులు. టాలివర్, సైరస్."

రెఫరీ రాసుకున్నాడు. వెర్నా గౌను మీద నుంచే జేబులోని అయిదో ప్రతిని తడుముకుంది. బదులు దిగినవాడి పేరే ఎక్కించాలన్న ఆ పంక్తి ఆమె టైపు చేసిందే, తప్పుల్లేకుండా. అతని కోటు ఇంకా జీపు మీదే ఉంది. బంతి కదిలింది, నాలుగు వేల మంది ఒక్కసారిగా అరిచారు, ఆమె చేతిలో తాడు వదులుగా వేలాడుతోంది, తాడు చివర కంచరగాడిద గేటు వైపు తిరిగి, మళ్ళీ ఎక్కించబోయే బరువు కోసం నెమ్మదిగా నిలబడి ఉంది.